పాత కారుకు పెద్ద చక్రాలు

రాజంపేట మీదుగా పోయే కడప - రేణిగుంట రోడ్డు పక్కన ఒక సాయంత్రం పావుగంట నిలబడండి. వాహనాలను చూడవద్దు. వాటి చక్రాలను మాత్రమే చూడండి. ట్రాక్టరుకు వెనక నిలువెత్తు చక్రాలు, ముందు చిన్నవి. అరటి గెలల లారీకి వెనక జంట టైర్లు. బొప్పాయి కాయలు వేసుకుపోయే మినీ లారీకి మోకాలెత్తు చక్రాలు. ఆటోకు అంతకన్నా చిన్నవి. ఎవరి పనికి తగిన చక్రం వారికి ఉంది.

ఈ వరుసలో అప్పుడప్పుడు ఒక వింత బండి వస్తుంది. కారు పాతది, రంగు వెలిసిపోయి ఉంటుంది. చక్రాలు మాత్రం కొత్త స్టీలు పళ్ళెంలా తళతళలాడుతుంటాయి. అవి ఎంత పెద్దవంటే, మడ్‌గార్డు కింద వేలు దూరేంత సందు కూడా మిగలదు.

ఇలా ముస్తాబయ్యేవి చాలావరకు ఒకనాటి వేగం బండ్లే. అంబాసిడర్, పద్మిని కార్లు నింపాదిగా తిరిగే రోజుల్లో, 1984లో హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెస్సా వచ్చింది. 1994లో మారుతి వారి ఎస్టీమ్ వచ్చింది. తొమ్మిది వందల కిలోల లోపు బరువు, 1.3 లీటర్ల ఇంజను ఉన్న ఈ ఎస్టీమ్ మన దేశపు ర్యాలీ పందాల్లో బాగా పేరు తెచ్చుకుంది. కాంటెస్సా తయారీ 2002లోనూ, ఎస్టీమ్ తయారీ 2007లోనూ ఆగిపోయాయి. అయినా వాటి మీద మోజు పోలేదు. ఇప్పుడు పాత ధరకు దొరుకుతాయి కనుక కుర్రవాళ్ళు కొంటారు. కొన్న తరువాత మొదట చేయించే పని చక్రాలు మార్చడం.

మా బడిలో పదో తరగతి చదివే అబ్బాయి ఒకడు ఆ మధ్య నన్ను అడిగాడు. "సార్, మా అన్న పాత ఎస్టీమ్ కొన్నాడు. పదమూడంగుళాల చక్రాలు తీసేసి పదహారంగుళాలవి వేయిస్తానంటున్నాడు. అట్లేస్తే బండి ఇంకా స్పీడుగా పోతాదా సార్?"

చాలా మంచి ప్రశ్న. దీనికి "పోతుంది" అన్నా తప్పే, "పోదు" అన్నా తప్పే. లెక్క కట్టి చూడాలి. లెక్కకు ముందు టైరు మీది రాత చదవడం నేర్చుకోవాలి.

టైరు జాతకం

టైరు పక్క గోడ మీద అచ్చుగుద్దినట్టు కొన్ని అంకెలుంటాయి. మన అబ్బాయి వాళ్ళ అన్న కారు టైరు మీద 175/70 ఆర్ 13 అని ఉందనుకుందాం. ఇందులో 175 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే టైరు పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో చెప్పే అంకె. చివరి 13 అంటే లోపలి రిమ్ము వ్యాసం, అంగుళాలలో. మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు, మూడూ ఒకే వరుసలో! ఒక లెక్కలో ఒకే ప్రమాణాలు వాడాలని మేము తరగతిలో ఎంత మొత్తుకున్నా టైరు కంపెనీల చెవికెక్కలేదు.

మధ్యలోని 'ఆర్' అక్షరం వ్యాసార్థానికి గుర్తని చాలామంది అనుకుంటారు. కాదు, అది 'రేడియల్' అనే మాటలోని మొదటి అక్షరం. టైరు లోపలి పోగులు ఒక అంచు నుంచి రెండో అంచుకు అడ్డంగా, బండి చక్రం ఆకుల మాదిరిగా పరుచుకుని ఉంటాయని దాని అర్థం.

ఇక లెక్క. పక్క గోడ ఎత్తు 175లో 70 శాతం, అంటే 122.5 మి.మీ. రిమ్ము వ్యాసం 13 అంగుళాలు, అంటే 330.2 మి.మీ. రిమ్ముకు పైన ఒక గోడ, కింద ఒక గోడ ఉంటాయి కదా. మొత్తం చక్రం వ్యాసం 330.2 + 122.5 + 122.5 = 575.2 మి.మీ.

అన్నగారు వేయించదలచిన టైరు 205/55 ఆర్ 16. దాని పక్క గోడ 112.75 మి.మీ., రిమ్ము 406.4 మి.మీ., మొత్తం వ్యాసం 631.9 మి.మీ. పాత చక్రం కంటే 57 మి.మీ. ఎక్కువ. శాతంలో చెబితే దాదాపు 10.

పది శాతమే కదా, దీనికింత రాద్ధాంతమెందుకు అనిపిస్తుంది. పది శాతం అంటే ఏమిటో చూడడానికి మనం రోడ్డు మీద నుంచి కాసేపు రైలు పట్టాల మీదికి వెళ్ళాలి.

నందలూరు ఇంజన్లు

రాజంపేట పక్కనున్న నందలూరుకు ఆవిరి ఇంజన్ల కాలంలో గొప్ప పేరు. మద్రాసు - బొంబాయి రైలు మార్గంలో అక్కడ పెద్ద లోకో షెడ్డు ఉండేది. మీ తాతగార్లను అడిగితే ఆ ఇంజన్ల కూతలు గురించి గంటసేపు చెబుతారు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మన పెద్ద లైన్ల మీద రెండు రకాల ఆవిరి ఇంజన్లు ఎక్కువగా తిరిగాయి. ప్రయాణికుల రైళ్ళకు డబ్ల్యు.పి., గూడ్సు రైళ్ళకు డబ్ల్యు.జి. రెండింటికీ బాయిలరు ఒకే నమూనా. సిలిండర్లలో కొంత తేడా ఉంది. అసలు తేడా చక్రాలలో ఉంది. డబ్ల్యు.పి. ఇంజన్ను నడిపే చక్రాల వ్యాసం 1705 మి.మీ. డబ్ల్యు.జి. చక్రాల వ్యాసం 1562 మి.మీ.

ఆవిరి ఇంజనుకు గేర్లు లేవు. పిస్టన్ ఒకసారి ముందుకూ వెనక్కూ ఆడితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. డబ్ల్యు.పి. చక్రం ఒక చుట్టుకు 5.36 మీటర్లు ముందుకు పోతుంది. డబ్ల్యు.జి. చక్రం 4.91 మీటర్లే పోతుంది. పిస్టన్ ఆడే వేగానికి ఒక హద్దుంది కనుక, వేగం కావలసిన ఇంజనుకు పెద్ద చక్రం పెట్టారు. కాని చక్రం పెద్దదైతే పట్టా మీద లాగే బలం తగ్గుతుంది. వందల టన్నుల ఖనిజాన్ని కదిలించాల్సిన ఇంజనుకు అందుకే చిన్న చక్రం.

ఇప్పుడు ఆ రెండు వ్యాసాల తేడా ఎంత శాతమో కట్టండి. దాదాపు 9 శాతం! మెయిలు రైలు ఇంజనుకూ గూడ్సు ఇంజనుకూ మధ్య ఎంత తేడా ఉండాలో ఇంజనీర్లు కూర్చుని లెక్కలు వేసి నిర్ణయించారు. ఎస్టీమ్ అన్న అంతకన్నా ఎక్కువ తేడాను ఒక మధ్యాహ్నం పూట నాలుగు బోల్టులు విప్పి తెచ్చిపెడుతున్నాడు. అయితే ఆయన మార్చింది చక్రాన్ని మాత్రమే. ఇంజను, గేరుపెట్టె, బ్రేకులు పాతవే.

చిట్టచివరి గేరు

కారులో ఇంజను తిప్పుడు బలం, అంటే టార్క్, గేరుపెట్టె గుండా, అక్కడి నుంచి డిఫరెన్షియల్ గుండా, ఇరుసుకు చేరుతుంది. ఇరుసు చక్రాన్ని తిప్పుతుంది. చక్రం రోడ్డును వెనక్కు నెడుతుంది. న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం రోడ్డు కారును ముందుకు నెడుతుంది. టార్క్ అంటే బలాన్ని వ్యాసార్థంతో గుణించగా వచ్చేది. కాబట్టి ఇరుసు దగ్గర టార్క్ మారకుండా వ్యాసార్థం పెరిగితే రోడ్డు మీద నెట్టే బలం తగ్గక తప్పదు. మన లెక్కలో అది 9 శాతం తగ్గుతుంది.

అంటే చక్రమే కారుకు చిట్టచివరి గేరు. దాన్ని మార్చడమంటే ఒకటో గేరు నుంచి అయిదో గేరు వరకు అన్నిటినీ ఒకేసారి మార్చడమే.

ఇక అబ్బాయి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. ఇంజను నిమిషానికి అన్నే చుట్లు తిరుగుతూ ఉంటే కారు మునుపటి కంటే పది శాతం ఎక్కువ దూరం పోతుంది. కాని ఆ వేగాన్ని అందుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. తిరుమల ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు మూడో గేరులో లాగిన బండి ఇప్పుడు రెండో గేరు అడుగుతుంది. గరిష్ఠ వేగం పెరుగుతుందన్న నమ్మకమూ లేదు. బాగా వేగంగా పోయేటప్పుడు కారును ఆపేది గాలి. ఆ గాలిని చీల్చే శక్తి ఇంజను నుంచే రావాలి. చక్రం మార్చినంత మాత్రాన ఇంజనుకు కొత్త శక్తి రాదు.

ఇదే సంగతి ఊళ్ళో ఒక షెడ్డు మెకానిక్ నాకన్న చక్కగా చెప్పాడు. "పోయేటప్పుడు పోతాదప్పా, లాగేటప్పుడు లాగదు."

దీనికి తోడు బరువు. పెద్ద రిమ్ము, వెడల్పు టైరు కలిసి ఒక్కో చక్రం నాలుగు కిలోలు పెరిగిందనుకోండి. మొత్తం పదహారు కిలోలు. డిక్కీలో ఒక బియ్యం సంచి వేసుకోవడం కన్నా తక్కువే కదా అంటారు. కాని డిక్కీలోని సంచి ముందుకు మాత్రమే కదులుతుంది. చక్రం అంచున ఉన్న బరువు ముందుకూ కదలాలి, గుండ్రంగానూ తిరగాలి. అంచు మీదనే ఉన్న ఒక కిలో, వేగం అందుకునేటప్పుడు రెండు కిలోల లెక్కన భారమవుతుంది. దీన్నే జడత్వ భ్రామకం అంటారు.

నమ్మకపోతే ఇంట్లోనే చూడండి. పుస్తకాల మీద ఒక పలక వాలుగా పెట్టండి. ఒక గాజు, ఒక క్యారమ్ స్ట్రైకరు తీసుకోండి. రెండింటినీ అంచు మీద నిలబెట్టి, ఒకే ఎత్తు నుంచి ఒకేసారి వదలండి. స్ట్రైకరే ముందు దిగుతుంది. గాజు బరువంతా అంచునే ఉంది, స్ట్రైకరు బరువు నడుమ నుంచి అంచు దాకా పరచుకుని ఉంది. గాజు ఎంత బరువుదైనా, ఎంత తేలికదైనా ఫలితం ఇదే. అక్కచెల్లెళ్ళ గాజులు తీసుకునేముందు వాళ్ళను అడగండి. ఆ పేచీ తీర్చడం నా వల్ల కాదు.

అల్యూమినియం మిశ్రమంతో చేసిన రిమ్ములు తేలికవి కదా అని కొందరంటారు. అల్యూమినియం సాంద్రత 2.7, ఉక్కు సాంద్రత 7.8 అన్న మాట నిజమే. కాని అల్యూమినియం ఉక్కంత గట్టిది కాదు. అందుకని దాన్ని మందంగా పోతపోస్తారు. విశాఖపట్నంలోని సినర్జీస్ కాస్టింగ్స్ కర్మాగారం ఇలాంటి చక్రాలు పోతపోసి పేరు తెచ్చుకుంది. ఒకే సైజులో పోల్చితే మంచి మిశ్రమ రిమ్ము ఉక్కు దాని కన్నా తేలికగా ఉండవచ్చు. పదమూడంగుళాల ఉక్కు రిమ్ము తీసి పదహారంగుళాల మిశ్రమ రిమ్ము వేస్తే మాత్రం చాలాసార్లు బరువు పెరుగుతుంది.

రోడ్డు తెలియని స్పీడోమీటరు

ఇప్పటిదాకా చెప్పినవి ఇబ్బందులు. ఇక చెప్పబోయేది ప్రమాదం.

పాత కార్ల స్పీడోమీటరు గేరుపెట్టెలోని ఒక పళ్ళచక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది. అంతే. దానికి రోడ్డు తెలియదు, టైరు తెలియదు. ఒక చుట్టుకు చక్రం 1.81 మీటర్లు పోతుందని కర్మాగారంలో దానికి నేర్పి పంపారు. పెద్ద చక్రం వేశాక ఒక చుట్టుకు కారు 1.99 మీటర్లు పోతున్నా, అది పాత పాఠమే అప్పజెబుతుంది.

ముల్లు 80 చూపినప్పుడు కారు అసలు వేగం గంటకు 88 కి.మీ. 55 కిలోమీటర్లు తిరిగితే మీటరులో 50 మాత్రమే పెరుగుతాయి. పాత కారు అమ్మేవారికి ఇది ఎంత అనుకూలమో మీరే ఊహించుకోండి! స్పీడోమీటర్లు అసలు వేగం కన్నా కాస్త ఎక్కువ చూపేలా తయారుచేస్తారన్నది నిజం. నడిపేవాడి మేలు కోరి ఉంచిన ఆ కాస్త జాగ్రత్తను ఈ పది శాతం మింగేస్తుంది.

80కి, 88కి పెద్ద తేడా ఏముంది? గతిశక్తి వేగం మీద కాక, వేగం వర్గం మీద ఆధారపడుతుందని మీరు తొమ్మిదో తరగతిలో చదివారు. కారూ, అందులోని నలుగురూ కలిసి 1150 కిలోలు అనుకుందాం. గంటకు 80 కి.మీ. అంటే సెకనుకు 22.2 మీటర్లు. అప్పుడు గతిశక్తి 2 లక్షల 84 వేల జౌళ్ళు. 88 దగ్గర అది 3 లక్షల 44 వేల జౌళ్ళు అవుతుంది. వేగం 10 శాతం పెరిగితే శక్తి 21 శాతం పెరిగింది.

ఈ శక్తినంతా బ్రేకులు వేడిగా మార్చి పారబోయాలి. బ్రేకులు వేగాన్ని సెకను సెకనుకూ 7 మీటర్ల చొప్పున తగ్గిస్తాయని అనుకోండి. 80తో పోయే కారు 35 మీటర్లలో ఆగుతుంది. 88తో పోయే కారుకు 42 మీటర్లు దాటుతుంది. ఏడు మీటర్లే కదా?

ఇక్కడ ఆగి ఒక లెక్క చేయండి. ముప్ఫై అయిదు మీటర్ల దూరంలో రోడ్డుకు అడ్డంగా ఒక గేదె నిలబడి ఉంది. మొదటి కారు దాని ముందు వచ్చి ఆగిపోయింది. రెండో కారు, అంతే బలంగా బ్రేకు వేసినా, అదే చోటికి వచ్చేసరికి ఎంత వేగంతో ఉంటుంది? తొలి వేగం వర్గంలోంచి, త్వరణాన్నీ దూరాన్నీ గుణించి రెట్టింపు చేసిన విలువను తీసివేయండి. మిగిలినదానికి వర్గమూలం కట్టండి. సెకనుకు 10 మీటర్లు వస్తుంది. అంటే గంటకు 36 కిలోమీటర్లు! మొదటి కారు నిశ్చలంగా నిలిచిన చోట రెండోది గంటకు 36 కి.మీ. వేగంతో ఢీకొంటుంది. ఆ సమయంలో రెండో కారు నడిపేవాడి ఎదురుగా ఉన్న ముల్లు కూడా బ్రేకు వేయకముందు 80 అనే చెప్పింది.

బ్రేకు ప్యాడ్ల సంగతి వచ్చింది కనుక మన ప్రాంతపు ముచ్చట ఒకటి చెప్పాలి. ఓబులవారిపల్లె దగ్గర మంగంపేటలో తవ్వే బెరైటీస్ ఖనిజం మీరు చూసే ఉంటారు. చేతిలోకి తీసుకుంటే మామూలు రాయి కన్నా చాలా బరువనిపిస్తుంది, దాని సాంద్రత 4.5. దానిలో ఎక్కువ భాగం చమురు బావులు తవ్వే చోట్లకు పోతుంది. కాస్త బ్రేకు ప్యాడ్ల తయారీకీ పోతుంది. వేడికి చెడకుండా, ప్యాడ్ మిశ్రమానికి నిండుదనం ఇచ్చే పొడిగా దాన్ని కలుపుతారు.

ప్యాడ్ డిస్కును పట్టి ఆపే టార్క్ పాతదే. చక్రం వ్యాసార్థం పెరిగింది కనుక, పెడల్‌ను అదే బలంతో తొక్కితే రోడ్డు మీద ఆపే బలం 9 శాతం తగ్గుతుంది. పైన మనం రెండు కార్లకూ బ్రేకులు సమానమనుకుని లెక్క కట్టాం. కాలు మరికాస్త గట్టిగా తొక్కకపోతే రెండో కారు ఇంకా దూరం పోతుంది.

మరి పందెం కార్లకు పెద్ద చక్రాలెందుకు?

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా - ఈ పందెం జరిగింది. ఆ విద్యుత్ కార్లకు 18 అంగుళాల రిమ్ములుంటాయి. ఫార్ములా వన్ కార్లు 2021 వరకు 13 అంగుళాల రిమ్ములతోనే పరుగెత్తాయి. 2022 నుంచి వాటికీ 18 అంగుళాలు వచ్చాయి. ఇది చూసి మనవాళ్ళు పెద్ద రిమ్మే వేగానికి గుర్తు అనుకుంటారు.

ఫార్ములా వన్ వారు రిమ్మును అయిదు అంగుళాలు, అంటే 127 మి.మీ. పెంచారు. మొత్తం చక్రం వ్యాసం మాత్రం 670 నుంచి 720 మి.మీ.కు, యాభై మి.మీ. మాత్రమే పెరిగింది. అంటే పక్క గోడ పలచబడింది. పలచని గోడ మలుపులో తక్కువ ఊగుతుంది. పెద్ద రిమ్ము లోపల పెద్ద బ్రేకు డిస్కుకు చోటు దొరుకుతుంది. ఈ మార్పు కోసం కారు మొత్తాన్నీ కొత్తగా గీశారు. పాత కారు పెద్ద రిమ్ములోంచి తొంగిచూస్తే కనిపించేది ఏమిటి? అదే పాత బుల్లి డిస్కు, పెద్దన్న చొక్కా తొడుక్కున్న చంటివాడిలా.

వెడల్పు టైరు రోడ్డును ఎక్కువ మేర తాకుతుందన్నది ఇంకొక నమ్మకం. తాకే వైశాల్యాన్ని ముఖ్యంగా నిర్ణయించేవి బరువు, గాలి పీడనం. 900 కిలోల కారులో ఒక్కో చక్రం మీద 225 కిలోలు. టైరులో గాలి 30 పౌండ్లు, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.1 కిలోలు. భాగిస్తే 107 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. ఇంచుమించు మీ అరచేయంత! కారు మొత్తం నాలుగు అరచేతుల మీద నిలబడి పరుగెత్తుతోంది. టైరు వెడల్పు పెంచి గాలి అంతే ఉంచితే ఆ అరచేయి పెద్దగా పెరగదు, ఆకారం మారుతుంది. పొడవు తగ్గి అడ్డం పెరుగుతుంది. రబ్బరు మన పాఠ్యపుస్తకంలోని ఘర్షణ సూత్రాన్ని పూర్తిగా పాటించదు కనుక, పొడి రోడ్డు మలుపుల్లో దీనివల్ల కొంత మేలుంది. కార్తీకమాసపు వానలో రోడ్డు మీద నీళ్ళు నిలిచినప్పుడు మాత్రం వెడల్పు టైరు నీటిని పక్కలకు తోయలేక, తెప్పలా తేలిపోయే అవకాశం ఎక్కువ.

షెడ్డులో చూడవలసినవి

చక్రాలు మార్చడమే తప్పని నేననను. కారు అందంగా ఉండాలనుకోవడం కుర్రతనం, అందులో నేరమేమీ లేదు. పద్ధతిగా చేసేవారు ఒక నియమం పాటిస్తారు. రిమ్ము పెరిగినంత మేర పక్క గోడ తగ్గాలి, మొత్తం వ్యాసం మారకూడదు. 175/70 ఆర్ 13 బదులు 185/60 ఆర్ 14 వేస్తే వ్యాసం 577.6 మి.మీ. 195/50 ఆర్ 15 వేస్తే 576 మి.మీ. రెండూ పాత 575.2కు అర శాతం లోపు తేడాలోనే ఉన్నాయి. స్పీడోమీటరు నిజమే చెబుతుంది.

అయితే గోడ 122 నుంచి 97 మి.మీ.కు తగ్గింది. పాత కాలపు ఎద్దుల బండి చక్రం నిలువెత్తు ఉండేది ఎందుకంటే, గుంత మీదుగా అది మెల్లగా దొర్లిపోతుంది, చిన్న చక్రం గుంతలో దిగబడుతుంది. కారు చక్రం అంత పెద్దది కాదు కనుక ఆ పని టైరులోని గాలి చేస్తుంది. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కు తీసుకుంటారే, అలాగే మెత్తని గోడ దెబ్బను కొంత దూరం మేర తీసుకుంటుంది. దూరం తగ్గితే బలం పెరుగుతుంది. రిమ్ము అంచు సొట్టపోతుంది, లేదా గోడ లోపలి పోగులు తెగి టైరు పక్కన బుడిపె లేస్తుంది. బుడిపె లేచిన టైరును ఒక్క రోజు కూడా నడపకూడదు. మన పల్లె రోడ్లకు పద్నాలుగు అంగుళాలు చాలునని నా అభిప్రాయం.

తరువాతిది ఆఫ్‌సెట్. రిమ్ములోని బోల్టుల పలక, రిమ్ము నడిమి గీతకు ఎంత ఎడంగా ఉందో చెప్పే కొలత ఇది. చక్రం బయటికి పొడుచుకొని వస్తే బేరింగుల మీద భ్రామకం పెరుగుతుంది. నీళ్ళ బిందెను నడుమున పెట్టుకోవడానికీ, చేయి చాచి పట్టుకోవడానికీ ఎంత తేడా ఉందో బోరింగు దగ్గర అక్కలకు బాగా తెలుసు. లోపలికి పోతే మరీ ప్రమాదం. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు బ్రేకు నూనె పోయే రబ్బరు గొట్టాన్ని ఒరుసుకుంటుంది. రోజుకింత చొప్పున అరిగి, ఒకనాడు పెడల్ నేలకు దిగిపోతుంది. చాలా షెడ్లలో ఖాళీ కారును నిలబెట్టి చూసి, సరిపోయిందంటారు. నలుగుర్ని కూర్చోబెట్టి, స్టీరింగును ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పి, టైరుకూ గొట్టానికీ మధ్య వేలు పెట్టి చూడాలి.

చట్టం మాటేమిటి? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే స్పష్టంగా చెప్పింది. ఆ సంవత్సరమే చట్టాన్ని సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకూ అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చునన్నారు. ఆ మోడలుకు కంపెనీ ఏ ఏ టైర్లను ఒప్పుకుందో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. షెడ్డుకు పోయే ముందు అది చదవాలి.

టైరు మీద ఇంకా రెండు రాతలు చూడండి. 82టి వంటి గుర్తు ఒకటి ఉంటుంది. 82 అంటే ఆ టైరు 475 కిలోలు మోయగలదని, టి అంటే గంటకు 190 కి.మీ. వరకు తట్టుకోగలదని. కొత్త టైరు అంకె పాతదానికన్నా తగ్గకూడదు. రెండోది డి.ఓ.టి. అనే అక్షరాల వరుస చివర ఉండే నాలుగంకెలు. 3523 అని ఉంటే అది 2023వ సంవత్సరం 35వ వారంలో తయారైందని అర్థం. వాడిన టైర్లు చవకగా అమ్మే చోట ఈ నాలుగంకెలు తప్పక చదవాలి. పైన గాట్లు నిండుగా ఉన్నా రబ్బరుకు వయసు మీద పడుతుంది. మన వేసవి ఎండలకు మరీ త్వరగా.

ఇక మీకొక లెక్క. ఒక కారుకు 155/80 ఆర్ 13 టైర్లున్నాయి. యజమాని వాటిని తీసేసి, 165/60 ఆర్ 14 వేయించి, "నా చక్రాలు పెద్దవయ్యాయి" అని ఊరంతా చెప్పాడు. నిజంగా పెద్దవయ్యాయా? ఇప్పుడు స్పీడోమీటరు 80 చూపితే అసలు వేగమెంత? మీ జవాబు 76కూ 77కూ మధ్య వస్తే లెక్క సరిపోయినట్టే. ఆ యజమానికి ఏం చెప్పాలో మీరే ఆలోచించుకోండి.